అన్, ఇన్, డిస్, మిస్: ఇంగ్లీషు మాటకు ముందు చేరే ‘కాదు’ను పట్టుకోవడం ఎలా?

అనంతపురం మీదుగా కర్నూలు వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారిలో పెట్రోలు ట్యాంకర్ల వెనక పెద్ద అక్షరాలతో ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసి ఉంటుంది. క్లాసులో ఈ మాట వస్తే ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: “సార్, ఫ్లేమ్ అంటే మంట. ముందు ఇన్ ఉంది. అంటే అంటుకోదనే కదా?” తర్కం బాగానే ఉంది, అర్థమే తిరగబడింది. ఇన్‌ఫ్లేమబుల్ అంటే ఇట్టే అంటుకునేది.

తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షకో ఇంగ్లీషుతో కుస్తీ పడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వాళ్ల చేతిలో మామూలుగా ఉండేది వ్యతిరేక పదాల జాబితా. ఎడమవైపు హ్యాపీ, కుడివైపు అన్‌హ్యాపీ. ఎడమవైపు లీగల్, కుడివైపు ఇల్లీగల్. అది బట్టీ పడితే రెండు మార్కులు రావచ్చేమో గానీ, పేపరు చదివేటప్పుడు ఎందుకూ పనికిరాదు. నన్నడిగితే ఆ జాబితా మూసేసి, పదో తరగతి తెలుగు వ్యాకరణం తెరవమంటాను. నఞ్ తత్పురుష సమాసం గుర్తుందా? ‘అసత్యం: సత్యం కానిది’ అని విగ్రహవాక్యం రాసేవాళ్లం కదా, సరిగ్గా ఆ పనే ఇంగ్లీషు మాటలకూ చేయాలి. మాటను విడదీసి, తెలుగులో విగ్రహవాక్యం రాయగలిగితే అర్థం దొరికినట్టే. రాయలేకపోతే ఎక్కడో తేడా ఉందని తెలుస్తుంది.

ముందు మన ఇంట్లో ఏముందో చూసుకోండి

తెలుగులో ‘కాదు, లేదు’ చెప్పడానికి మూడు రకాల సరుకు ఉంది. మొదటిది సంస్కృతం నుంచి వచ్చింది. హల్లు ముందు ‘అ’ చేరుతుంది: అసత్యం, అకాల వర్షం. అచ్చు ముందు అదే ‘అన్’ అవుతుంది: అనవసరం, అనారోగ్యం, మన జిల్లాకు బాగా అలవాటైన అనావృష్టి. అసలు అనంతపురం పేరులోని అనంతం కూడా అన్, అంతం కలిసిందే.

రెండోది ఉర్దూ, పారశీకాల నుంచి వచ్చింది. నవాబులు ఏలిన కర్నూలు, కడపల్లో దీనికి కొదవ లేదు. గైర్‌హాజరు, బేఖాతరు, నాలాయక్, బేవార్సు. ఇవాళ తిట్టుగా వాడే బేవార్సుకు అసలు అర్థం వారసులు లేనిదని మాత్రమే.

మూడోది అచ్చ తెలుగు. ఇందులో ‘కాదు’ ముందు రాదు, వెనక వస్తుంది: తెలియని, రాని, పనికిమాలిన, ఉప్పు లేని.

ఈ మూడింటినీ మనం ఎప్పుడూ కలగలిపి వాడం. ‘బేసత్యం’ అని గానీ ‘అహాజరు’ అని గానీ ఎవరూ అనరు. సంస్కృతం మాటకు సంస్కృతం ముక్క, ఉర్దూ మాటకు ఉర్దూ ముక్క చేరుతుంది. ఇది ఎవరూ మనకు నేర్పలేదు, చెవికే తెలుసు. ఇంగ్లీషులోనూ ఇదే కథ. అన్ వాళ్ల సొంత ముక్క. ఇన్ లాటిన్‌ది. అ, అన్ అని వినిపించే ఇంకో జత గ్రీకు నుంచి వచ్చింది. డిస్, నాన్ కూడా లాటిన్ వైపువే, ఫ్రెంచి మీదుగా చేరాయి. ఏ మాటకు ఏది చేరుతుందన్నది చాలావరకు ఆ మాట పుట్టిల్లు ఏదన్నదాని మీద ఉంటుంది.

ఇక్కడ కాసేపు ఆగాలి. సంస్కృతం ‘అ/అన్’, గ్రీకు ‘అ/అన్’, లాటిన్ ‘ఇన్’, ఇంగ్లీషు ‘అన్’ నాలుగూ ఒకే పాత మూలం నుంచి చీలినవి. సంస్కృతానికి, గ్రీకుకు, లాటిన్‌కు ఉమ్మడి మూలం ఉండి ఉండాలని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చేసిన ప్రసంగం ఈ చర్చకు ఊపునిచ్చింది. అజ్ఞాత అనే మాట తీసుకోండి. దాని చుట్టాలు ఎవరంటే: ఫోన్‌లో కనిపించే ‘అన్‌నోన్ నంబర్’లోని అన్‌నోన్, ఏమీ తెలియనివాడిని అనే ఇగ్నరెంట్, దేవుడు ఉన్నాడో లేడో తెలియదనే అగ్నాస్టిక్. ముందున్న ముక్కలు నాలుగూ చుట్టాలే. వెనకున్న జ్ఞా, నో, గ్నో కూడా చుట్టాలే. అమృతం, ఇమ్మోర్టల్ కూడా అంతే: అ‑మృత, ఇం‑మోర్టల్, రెండింటికీ చావు లేనిదనే అర్థం. అరాజకం అంటే రాజు లేకపోవడం, అనార్కీ అంటే పాలకుడు లేకపోవడం. అనామకుడు పేరు లేనివాడు, అనానిమస్ కూడా పేరు లేనివాడే. ఈ చివరి రెండు జతల్లో కట్టుబడి ఒకటే, అర్థమూ ఒకటే.

కాబట్టి గ్రీకు ముక్కతో వచ్చే మాటలను వేరే నేర్చుకోనక్కర్లేదు. హల్లు ముందు అ, అచ్చు ముందు అన్ అనే సూత్రం అక్కడా ఉంది. రక్తం తక్కువని డాక్టరు రాసే అనీమియా, కరోనా రోజుల్లో లక్షణాలు లేనివాళ్లను పిలిచిన అసింప్టమాటిక్, ఆపరేషన్‌కు ముందు ఇచ్చే అనస్థీషియా, అన్నీ ఈ కుటుంబమే.

మొదటి మెట్టు: అది నిజంగా ప్రిఫిక్సేనా?

ప్రిఫిక్స్ అంటే మాట ముందు చేరే ముక్క. మాట ముందు ఇన్ కనిపించగానే ‘కాదు’ అని రాసేయకండి. ముందు ముక్కను వేలితో మూసి, మిగిలింది చదవండి. మిగిలింది ఒక మాటగా నిలబడాలి. నిలబడ్డా, ‘అది కానిది’ అంటే పొసగాలి. ఈ రెండు పరీక్షలూ పాసైతేనే ముందుకు వెళ్లాలి.

యూనిఫాంలో, యూనియన్‌లో స్పెల్లింగు యు, ఎన్‌తోనే మొదలవుతుంది. కానీ అది ‘యూని’, అంటే ఒకటి. అంకుల్‌లోనూ అవే అక్షరాలు, అది అసలు ముక్కే కాదు. ఇన్‌కమ్, ఇంపోర్ట్‌లలో ఇన్, ఇమ్ ‘లోపలికి’ అని చెబుతాయి. ట్యాంకరు మీది ఇన్‌ఫ్లేమబుల్ ఈ జాతిదే. మంట పెట్టడం అనే ఇన్‌ఫ్లేమ్ నుంచి వచ్చింది. జనం పొరబడి ప్రమాదం తెచ్చుకుంటారన్న భయంతోనే చాలాచోట్ల ఇప్పుడు ఉత్త ఫ్లేమబుల్ అని రాస్తున్నారు. రెండూ ఒకటే. అంటుకోనిదాన్ని చెప్పాలంటే నాన్‌ఫ్లేమబుల్ అనాలి.

మనుషులు నివసించడాన్ని ఇన్‌హాబిట్ అంటారు. అందుకే ఇన్‌హాబిటబుల్ అంటే నివసించదగినది, నివసించలేనిది అన్‌ఇన్‌హాబిటబుల్. పరీక్ష పేపరు పెట్టేవాళ్లకు ఈ జత అంటే ప్రాణం.

ఇన్‌వాల్యుబుల్ ఇంకో రకం తకరారు. ఇక్కడ ఇన్ నిజంగా ‘కాదు’నే చెబుతుంది, కానీ విలువ లేనిదని కాదు, విలువ కట్టలేనిదని. మన ‘అమూల్యం’ ఉంది కదా, అచ్చంగా అదే. విలువ లేనిదానికి వాల్యూలెస్ ఉంది.

డి అనే ముక్క దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. పరీక్షల్లో మాల్‌ప్రాక్టీస్ చేసి దొరికినవాణ్ని డీబార్ చేస్తారు. బార్ అంటే అడ్డుకోవడం. డీబార్ అంటే అడ్డు తీసేయడం కావాలి కదా? కాదు, ఇంకా గట్టిగా అడ్డుకోవడం. డీలిమిటేషన్ అలాంటిదే. నియోజకవర్గాల హద్దులు తీసేయడం కాదు, హద్దులు గీయడం. ఈ రెండింటిలో డి బలం చేకూర్చడానికి వచ్చింది, తీసేయడానికి కాదు.

రెండో మెట్టు: ఆ ముక్క ఏ పని చేస్తోంది?

ఈ మార్గదర్శి మొత్తంలో ముఖ్యమైన మెట్టు ఇదే. ప్రిఫిక్స్ ‘కాదు’ అని మాత్రమే చెప్పదు. అది చేసే పనులు కనీసం నాలుగు, ఒక్కోదానికి విగ్రహవాక్యం వేరు.

మొదటి పని ‘కానిది, లేనిది’ అని చెప్పడం. అన్‌హ్యాపీ, ఇన్‌విజిబుల్, నాన్‌లోకల్. ఇది అందరికీ తెలిసిందే.

రెండో పని చేసినదాన్ని వెనక్కి తిప్పడం. అన్‌లాక్ అంటే తాళం వేయకపోవడం కాదు, వేసిన తాళం తీయడం. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, జూన్ 1 నుంచి అన్‌లాక్ 1 మొదలైంది. లాక్‌డౌన్ లేకుండా అన్‌లాక్ ఉండదు. ముందు ఒక పని జరిగి ఉండాలి, అది వెనక్కి తిరిగేది అయి ఉండాలి. అన్‌ప్యాక్, అన్‌డూ, అన్‌ఇన్‌స్టాల్, అన్‌మ్యూట్, అన్‌ఫాలో అన్నీ ఇలాంటివే. తిన్న సంగటిని వెనక్కి తిప్పలేం కాబట్టి ‘అన్‌ఈట్’ అనే మాట పుట్టలేదు. ఈ అన్, పైన చెప్పిన అన్ చూడటానికి ఒకటే గానీ చరిత్రలో వేర్వేరు. పాత ఇంగ్లీషులో రెండు వేరు ముక్కలుగా ఉండి, తరవాత ఉచ్చారణ కలిసిపోయింది. ఏది ఏదో తేల్చుకునే కొండగుర్తు ఇది: వెనకున్నది విశేషణమైతే ‘కానిది’, క్రియ అయితే ‘వెనక్కి తిప్పడం’.

వెనక్కి తిప్పే పనిలో డి, డిస్ కూడా భాగస్వాములే. 2016 నవంబర్ 8 రాత్రి నుంచి దేశమంతా నోటికెక్కిన డీమానిటైజేషన్ అంటే నోటుకు ఇచ్చిన చెల్లుబాటును తీసేయడం. గుంతకల్లు డివిజన్‌లో ఉద్యోగం చేసేవాళ్లకు డీరైల్ చెప్పక్కర్లేదు: పట్టాల మీద ఉన్నది పట్టాలు తప్పడం. బిల్లు కట్టకపోతే కరెంటు డిస్‌కనెక్ట్ చేస్తారు, అంటే ఉన్న కనెక్షన్‌ను పీకేస్తారు. అసలు కనెక్షనే ఇవ్వని ఇల్లు డిస్‌కనెక్టెడ్ కాదు, అన్‌కనెక్టెడ్.

మూడో పని తప్పుగా, చెడుగా జరిగిందని చెప్పడం. మిస్, మాల్ ఇందుకే ఉన్నాయి. మిస్‌అండర్‌స్టాండ్ అంటే అర్థం చేసుకోకపోవడం కాదు, తప్పుగా అర్థం చేసుకోవడం. మాల్‌న్యూట్రిషన్ అంటే తిండి లేకపోవడం ఒక్కటే కాదు, సరైన పోషణ లేకపోవడం. కడుపునిండా తింటున్న పిల్లాడికీ అది ఉండొచ్చు. మలేరియాలో ఉన్నదీ ఇదే మాల్. ఇటాలియన్‌లో చెడు గాలి అని. దోమల సంగతి తెలియని కాలంలో పెట్టిన పేరు. మన దుర్, దుష్ ఈ వరసకే చెందుతాయి: దుర్వినియోగం మిస్‌యూజ్, దుష్ప్రవర్తన మిస్‌బిహేవియర్.

నాలుగోది ఎదురు నిలవడం. యాంటీ, కౌంటర్. యాంటీ కరప్షన్ బ్యూరో అంటే అవినీతి లేని బ్యూరో అని కాదు సుమా, అవినీతికి వ్యతిరేకంగా పనిచేసేదని. అంతకన్నా దీని గురించి చెప్పేదేం లేదు.

మూడో మెట్టు: ఒకే మాట, వేర్వేరు ముక్కలు

నాలుగు పనులూ తెలిశాక, ఒకే మాటకు రెండు మూడు ముక్కలు తగిలించి తేడా చూడాలి. జాబితాలు బట్టీ పట్టినవాళ్లు తడబడేది ఇక్కడే.

యూజ్‌డ్ తీసుకుందాం. మన పల్లెల్లో పాత దిగుడు బావులు చూడండి. బోర్లు లోతుకు దిగే కొద్దీ అవి ఎండిపోయి, ముళ్లకంప మొలిచి పడి ఉన్నాయి. ఆ బావి డిస్‌యూజ్‌డ్: ఒకప్పుడు వాడి, ఇప్పుడు మానేసినది. రైతు మోటారు కొన్నాడు, బోరులో నీళ్లు పడలేదు, డబ్బా కూడా విప్పలేదు. ఆ మోటారు అన్‌యూజ్‌డ్: ఎన్నడూ వాడనిది. పంటకు ఇచ్చిన కరెంటును ఇంకెక్కడికో లాగితే మిస్‌యూజ్‌డ్. మూడూ ‘వాడటం’ చుట్టూ తిరిగేవే, విగ్రహవాక్యాలు మాత్రం మూడు రకాలు: వాడనిది, వాడకం మానేసినది, తప్పుగా వాడినది.

ఉద్యోగాల నోటిఫికేషన్లు చదివేవాళ్లు అన్‌క్వాలిఫైడ్, డిస్‌క్వాలిఫైడ్‌ల తేడా తెలుసుకుని తీరాలి. డిగ్రీ అడిగిన పోస్టుకు ఇంటర్‌తో దరఖాస్తు పెడితే అన్‌క్వాలిఫైడ్, అర్హత మొదటినుంచీ లేదు. డిగ్రీ ఉండి, పరీక్ష రాసి, ఓఎంఆర్ షీట్ మీద రాయకూడని గుర్తేదో పెట్టి ఏరివేతకు గురైతే డిస్‌క్వాలిఫైడ్, ఉన్న అర్హత పోయింది. మొదటివాడు వచ్చే ఏడాది డిగ్రీ పూర్తి చేసి రావచ్చు. రెండోవాడు కారణం ఏమిటో నోటీసు చదవాలి.

అన్‌ఇంట్రెస్టెడ్ అంటే ఆసక్తి లేనివాడు. డిస్‌ఇంట్రెస్టెడ్ అంటే తనకు అందులో స్వార్థం లేనివాడు. అన్నదమ్ముల పొలం తగాదాలో పెద్దమనిషి డిస్‌ఇంట్రెస్టెడ్‌గా ఉండాలి, అన్‌ఇంట్రెస్టెడ్‌గా ఉంటే పంచాయితీ తెల్లారినా తెగదు. ఇంగ్లీషువాళ్లే ఇప్పుడు ఈ రెండింటినీ కలిపేస్తున్నారు. అయినా పరీక్షల్లో పాత తేడానే అడుగుతారు కాబట్టి దాన్ని పట్టుకుని ఉండటం మేలు.

ఇమ్మోరల్‌కు నీతి తెలుసు, దాన్ని తప్పుతుంది. అమోరల్‌కు నీతి అనే ప్రశ్నే లేదు. పాలు తాగిపోయిన పిల్లి అమోరల్. కల్తీ పాలు అమ్మేవాడు ఇమ్మోరల్.

మిస్‌ఇన్‌ఫర్మేషన్, డిస్‌ఇన్‌ఫర్మేషన్ రెండూ తప్పుడు సమాచారమే. తెలియక పంచేది మొదటిది, తెలిసి కావాలని పుట్టించేది రెండోది. వాట్సాప్‌లో మీ చిన్నాన్న ఫార్వర్డ్ చేసింది సాధారణంగా మొదటి రకం. దాన్ని ఎక్కడో కూర్చుని తయారు చేసినవాడిది రెండో రకం.

ఇక నాన్. ఇది తీర్పు చెప్పదు, గీత గీసి ఊరుకుంటుంది. నాన్‌వెజ్, నాన్‌లోకల్, నాన్‌బెయిలబుల్ వారంట్: ఇటు కానిదంతా అటు. అదే మాటకు అన్ చేరిస్తే తిట్టు తొంగిచూస్తుంది. నాన్‌ప్రొఫెషనల్ ఆటగాడంటే ఆట మీద జీతం తీసుకోనివాడు. అన్‌ప్రొఫెషనల్ అంటే వృత్తి మర్యాద తెలియనివాడు. ఆఫీసు లెటర్లో ఈ రెండింటినీ తారుమారు చేస్తే గొడవ గ్యారంటీ.

దీనికి అనుబంధంగా ఇంకో సంగతి. ‘నాట్ హ్యాపీ’, ‘అన్‌హ్యాపీ’ ఒకటి కాదు. సంతోషంగా లేనివాడు మామూలుగా ఉండొచ్చు. అన్‌హ్యాపీ అంటే మాత్రం బాధలో ఉన్నట్టే. సంతోషానికీ బాధకూ మధ్య ఉన్న ఖాళీని అన్ దాటేస్తుంది, నాట్ దాటదు. రెండూ కలిపి ‘నాట్ అన్‌కామన్’, ‘నాట్ ఇంపాసిబుల్’ అంటే? రెండు కాదులు కొట్టేసుకుని ‘అవును’ వస్తుందని లెక్కల పద్ధతిలో చెబుతారు. అలా కాదు. మన ‘అవకాశం లేకపోలేదు’ను తలుచుకోండి. అవకాశం ఉంది అనడానికీ దానికీ ఎంత తేడా ఉందో నాట్ ఇంపాసిబుల్‌కూ అంతే తేడా. ఒప్పుకుంటూనే కాలు వెనక్కి పెట్టడం.

నాలుగో మెట్టు: ఏ మాటకు ఏ ముక్క?

ఇక్కడ నూటికి నూరుపాళ్లు నిలిచే సూత్రం లేదు. కొండగుర్తులు ఉన్నాయి.

లాటిన్ ఇన్ తన పక్కనున్న శబ్దానికి తగ్గట్టు మారుతుంది. ప, బ, మ శబ్దాల ముందు ఇమ్: ఇంపాసిబుల్, ఇంబ్యాలెన్స్, ఇమ్మెచ్యూర్. ఎల్ ముందు ఇల్: ఇల్లీగల్, ఇల్లిటరేట్. ఆర్ ముందు ఇర్: ఇర్రెగ్యులర్, ఇర్రెస్పాన్సిబుల్. ఇది నోటి సుఖం కోసం జరిగిన మార్పు. ‘ఇన్‌పాసిబుల్’ అని గబగబా నాలుగుసార్లు అనండి, పెదవులు తామే మకారాన్ని చేసేస్తాయి. సంధులు చదివినవాళ్లకు ఇది కొత్త కాదు: జగత్, నాథుడు కలిస్తే జగన్నాథుడు అయినట్టే.

ఇంగ్లీషు అన్ మాత్రం మారదు. అన్‌ప్లెజెంట్, అన్‌లాఫుల్, అన్‌రియల్, అన్‌మ్యారీడ్. లాటిన్ మాట లీగల్‌కు ఇల్ చేరింది, దాదాపు అదే అర్థం ఉన్న పాత మాట లాకు అన్ చేరి అన్‌లాఫుల్ అయింది. 1967 నాటి ఉపా చట్టం పేరు ఆ అన్‌లాఫుల్‌తోనే మొదలవుతుంది. ఈట్ ఇంగ్లీషు మాట కాబట్టి అన్‌ఈటబుల్, ఎడిబుల్ లాటిన్ మాట కాబట్టి ఇన్‌ఎడిబుల్. రీడబుల్‌కు అన్‌రీడబుల్, లెజిబుల్‌కు ఇల్లెజిబుల్.

చివరను చూసి కూడా కొంత చెప్పొచ్చు. ఇ‑డి, ఐ‑ఎన్‌‑జితో ముగిసే విశేషణాలకు ఎక్కువగా అన్: అన్‌ఎక్స్‌పెక్టెడ్, అన్‌పెయిడ్, అన్‌విల్లింగ్. ఐ‑బి‑ఎల్‑ఇతో ముగిస్తే ఎక్కువగా ఇన్ కుటుంబం: ఇన్‌విజిబుల్, ఇన్‌క్రెడిబుల్. ఇ‑ఎన్‑టి, ఎ‑టి‑ఇతో ముగిసినవీ అటే మొగ్గుతాయి: ఇండిపెండెంట్, ఇన్‌కాంపిటెంట్, ఇన్‌యాక్యురేట్. క్రియకు ‘చేయకపోవడం’ తగిలించాలంటే డిస్: డిస్‌అగ్రీ, డిస్‌ఒబే, డిస్‌లైక్. గుర్తు రాకపోతే, పరీక్ష గంట మోగబోతుంటే, అన్ పెట్టండి. అన్నిటికన్నా ఉదారమైన ముక్క అదే.

మంచిని సూచించే మాటలకే అన్ ఎక్కువగా అంటుకుంటుంది. అన్‌కైండ్ ఉంది, ‘అన్‌క్రూయల్’ వాడుకలో లేదు. అన్‌వైజ్ ఉంది, ‘అన్‌ఫూలిష్’ అంటే నవ్వుతారు. బిగ్, స్మాల్, హాట్, కోల్డ్ లాంటి చిన్న మాటలకు ఏదీ చేరదు, వాటికి సొంత జోడీలు ఉన్నాయి.

విశేషణం నామవాచకంగా మారినప్పుడు ముక్క కూడా మారిపోవడం ఎక్కువమందిని బోల్తా కొట్టిస్తుంది. అన్‌ఏబుల్, కానీ ఇన్‌ఎబిలిటీ. అన్‌స్టేబుల్, కానీ ఇన్‌స్టెబిలిటీ. అన్‌జస్ట్, కానీ ఇన్‌జస్టిస్. అన్‌ఈక్వల్, కానీ ఇన్‌ఈక్వాలిటీ. ఈ నాలుగూ సూత్రంతో రావు, కంఠస్థం చేయాల్సిందే. బట్టీకి నేను ఒప్పుకునేది ఈ ఒక్కచోటే.

అయిదో మెట్టు: స్పెల్లింగు, పలుకుబడి

స్పెల్లింగులో ఒకటే నియమం. ముక్క తన అక్షరాలను వదులుకోదు, మాట తన అక్షరాలను వదులుకోదు. అన్ చివర ఎన్, నెసెసరీ మొదట ఎన్, కాబట్టి అన్‌నెసెసరీలో రెండు ఎన్‌లు. డిస్‌శాటిస్‌ఫైడ్‌లో, మిస్‌స్పెల్‌లో రెండు ఎస్‌లు. డిసప్పియర్‌లో ఒకటే ఎస్, ఎందుకంటే అప్పియర్ ఎ‑తో మొదలవుతుంది. డిసపాయింట్ కూడా అంతే. ఈ మాటలో ఒక తమాషా ఉంది. అపాయింట్ అంటే కొలువులో పెట్టడం. పాత వాడుకలో డిసపాయింట్ అంటే కొలువు నుంచి తీసేయడమే. ఆశాభంగం అనే అర్థం తరవాత అబ్బింది. అపాయింట్‌మెంట్ ఆర్డరు కోసం ఎదురుచూసేవాళ్లకు ఈ కథ వివరించక్కర్లేదు.

పలికేటప్పుడు మూడు మాటల దగ్గర జాగ్రత్త. ఫేమస్‌కు ఇన్ చేరిస్తే ‘ఇన్‌ఫేమస్’ అనరు, ఊనిక, అంటే ఒత్తి పలికే చోటు, మొదటికి జరిగి ‘ఇన్ఫమస్’ అవుతుంది. అర్థం కూడా పేరు లేనివాడని కాదు, చెడ్డపేరు మోసినవాడని. పేరు లేనివాడు అన్‌నోన్. ఫైనైట్‌కు చేరిస్తే ‘ఇన్ఫినిట్’. పోటెంట్‌కు చేరిస్తే ‘ఇంపొటెంట్’. దీన్ని ఇంపార్టెంట్‌కు దగ్గరగా పలికితే ఇంటర్వ్యూ గదిలో ఏమవుతుందో ఊహించుకోండి.

ఆరో మెట్టు: రెండు మూడు ముక్కలు ఒకేచోట ఉంటే

పొడుగు మాట వస్తే లోపలి నుంచి బయటికి విప్పాలి. ఏసీబీ వార్తల్లో వచ్చే డిస్‌ప్రపోర్షనేట్ అసెట్స్ చూడండి. లోపల ప్రపోర్షన్, నిష్పత్తి. దానికి ఎ‑టి‑ఇ చేరి నిష్పత్తికి తగినది. ముందు డిస్ చేరి తగనిది. తెలుగు పేపర్లు ‘ఆదాయానికి మించిన ఆస్తులు’ అని రాసేది దీన్నే.

విప్పే వరస మారితే అర్థం మారే మాటలు కొన్ని ఉన్నాయి. అన్‌లాకబుల్ అలాంటిది. ముందు లాకబుల్ చేసి అన్ తగిలిస్తే ‘తాళం వేయడానికి వీల్లేనిది’. ముందు అన్‌లాక్ చేసి చివర ఏబుల్ తగిలిస్తే ‘తాళం తీయడానికి వీలైనది’. రెండూ సరైనవే. వాక్యమే తేల్చాలి.

ఇంకొన్ని మాటలకు ముందు ముక్క పీకితే మిగిలేది వాడుకలో ఉండదు. అన్‌కెంప్ట్ అంటే చింపిరి జుట్టువాడు, కెంప్ట్ అని మామూలుగా ఎవరూ అనరు. డిస్‌గ్రంటిల్డ్, ఇనెప్ట్ కూడా అంతే. కంగారు పడాల్సింది ఏమీ లేదు, మనకూ ఉన్నాయి. అనర్గళంగా మాట్లాడాడు అంటాం. అర్గళం అంటే తలుపు గడియ. గడియ పడినట్టు మాట్లాడినవాణ్ని అర్గళంగా మాట్లాడాడని ఎప్పుడైనా అన్నామా?

సాధన

రోజూ ఇంగ్లీషు పేపరులో ఒక్క వార్త చాలు. అందులో ఇలాంటి మాటలు కింద గీత గీసి, ప్రతిదానికీ తెలుగు విగ్రహవాక్యం రాయండి: కానిది, లేనిది, వెనక్కి తిప్పడం, తప్పుగా, ఎదురుగా. ఏ పెట్టెలోనూ పట్టని మాట వస్తే నిఘంటువు చూడండి, ఎక్కువసార్లు అది మొదటి మెట్టులో చెప్పిన దొంగ ప్రిఫిక్స్ అయి ఉంటుంది.

ఇప్పుడే కొన్ని ప్రయత్నించండి. ఒక్కోదానికి ఒక్క ఇంగ్లీషు మాట చెప్పాలి.

రైలు పట్టాల పక్కన పాడుబడిన పాత క్వార్టర్స్, పదేళ్లుగా ఎవరూ ఉండటం లేదు. డాక్టరు చీటీ మీది రాత, మందుల షాపువాడికి కూడా అంతుచిక్కడం లేదు. ఎండాకాలం మూడు రోజులు బయట ఉండి పాడైన పప్పు. రెండు పార్టీలనూ ఎరగని, ఏ లాభమూ ఆశించని మధ్యవర్తి. మీరు పంపిన మెసేజ్‌ను అవతలివాళ్లు తప్పుగా చదువుకుని అలిగారు. జిల్లా కొత్త హద్దులు గీసే పని. పన్నెండో తరగతి ఫెయిలై పీజీ అర్హత ఉన్న పోస్టుకు దరఖాస్తు పెట్టిన అబ్బాయి.

జవాబులు వరసగా: డిస్‌యూజ్‌డ్, ఇల్లెజిబుల్, అన్‌ఈటబుల్, లేదా ఇన్‌ఎడిబుల్, డిస్‌ఇంట్రెస్టెడ్, మిస్‌అండర్‌స్టాండ్, డీలిమిటేషన్, అన్‌క్వాలిఫైడ్. మూడోదానికి రెండూ సరే గానీ చిన్న తేడా ఉంది. పాడై, మాడి తినబుద్ధి కానిది అన్‌ఈటబుల్. అసలు తినే వస్తువే కానిది, విషపు పుట్టగొడుగు లాంటిది, ఇన్‌ఎడిబుల్. కాబట్టి ఆ పప్పుకు మొదటిదే నయం.